‘ఎడమ తొడ’ అని రాసిన సీసా

ఆ సీసా మీద ‘ఎడమ తొడ’ అని రాసింది నేనే. ఈ మాటతో మొదలుపెట్టకపోతే ఎప్పటిలాగే చుట్టూ తిరిగి, వేరే కబుర్లు చెప్పి తప్పించుకుంటానని నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పారు. మా సిస్టరు సూది వేస్తే నొప్పే తెలియదన్నారు. మైకు నా చేతికిచ్చినప్పుడు, కాన్పు గదిలో నా చెప్పు తెగిపోయి ఒంటికాలి మీద కుంటుతూ కవల పిల్లల్ని అందుకున్న సంగతి చెప్పి అందరినీ నవ్వించాను. సీసా సంగతి మాత్రం చెప్పలేదు. నర్సింగు చదువుకునే పిల్లలు, కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

నేను పనిచేసింది మదనపల్లెలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో. కుప్పంలో దానికి చిన్న శాఖ ఒకటి ఉండేది. రామసముద్రం, కలికిరి, పుంగనూరు వైపు పల్లెల నుంచి జనం మా దగ్గరికి వచ్చేవాళ్ళు. టమోటా కోతలు జరిగినన్నాళ్ళు ఓపీ వెలవెలబోయేది. కోతలు అయిపోగానే దాచిపెట్టుకున్న రోగాలన్నీ ఒకేసారి బస్సెక్కి వచ్చేవి.

నేను చేరిన కొత్తలో, నర్సింగు స్కూల్లో నేర్పినట్టే ఒక కేసు షీటు మీద ఆడవాళ్ళ అవయవం పేరు ఉన్నదున్నట్టు రాశాను. అప్పటి హెడ్ సిస్టరు ఆ కాగితం నా ముఖం ముందు పెట్టి, “మొగోళ్ళ చేతుల్లో తిరిగే కాగితం మీద ఇట్లాంటి మాటలు రాస్తావా? ఆడపిల్లవేనా నువ్వు?” అని నలుగురిలో అడిగింది. ఎర్ర పెన్నుతో ఆ మాట కొట్టేసి పైన ‘తొడ’ అని రాసింది. ఆ రోజు నుంచి నేనూ అదే భాష పట్టుకున్నాను. నడుము కింది నుంచి మోకాలి దాకా ఆడమనిషి ఒంట్లో ఏమున్నా మాకు అది తొడే. గాయమైనా తొడ, పుండైనా తొడ, గడ్డయినా తొడ. మా డాక్టర్లకు ఈ సంగతి తెలుసు. షీటు మీద తొడ అని కనిపిస్తే తెర లాగి సరిగ్గా చూసేవాళ్ళు. అందువల్ల ముప్పై ఏళ్ళ దాకా ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం వల్ల అదొక మర్యాద అనుకున్నాం. నా కింద పనిచేసిన పిల్లలకు నేను కూడా అదే నేర్పాను.

ఇంకో రెండు అలవాట్లు కూడా చెప్పాలి. మా లేడీ డాక్టరు పొద్దున్నే వచ్చి ల్యాబు ఫారాల కట్ట మీద వరసగా ఖాళీ సంతకాలు పెట్టేసేది. మిగతాది మేం నింపుకునేవాళ్ళం. తీసిన ముక్కను పరీక్ష చేసే ల్యాబు మా దగ్గర లేదు. మందునీళ్ళు పోసిన చిన్న ప్లాస్టిక్ సీసాలో ముక్కను వేసి, మూతకు ప్లాస్టరు చుట్టి, దాని మీద వివరాలు రాసి, ఫారంతో సహా రోగి తాలూకు మనిషి చేతికిచ్చేవాళ్ళం. వాళ్ళే బస్సులో తిరుపతికి తీసుకుపోయి ల్యాబులో ఇచ్చి వచ్చేవాళ్ళు.

పుంగనూరు దగ్గర పల్లె నుంచి ఆమె వచ్చింది కోతలు అయిపోయిన ఒక సోమవారం. యాభై దాటిన రైతు కుటుంబం మనిషి. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. తర్వాత తర్వాత మేమంతా ఆమెను పుంగనూరక్క అనేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను. భర్తకు మోకాళ్ళు బాగాలేవని మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. అతను బయట బెంచీ మీద కూర్చున్నాడు.

“ఆడ నల్లంగా మచ్చ వచ్చిండాది డాక్టరమ్మా,” అంది లోపలికి రాగానే. “ముట్లు నిలిచిపోయి మూడేండ్లాయ. మొన్నట్నుంచి బట్టకు రెండు సుక్కలు నెత్తురు కనిపిస్తాండాది.”

“ఎన్నాళ్ళైంది మచ్చ చూసుకుని?”

“పోయిన ఉగాదికి నీళ్ళు పోసుకొనేటప్పుడు సూసుకొంటి. మా తోడికోడలికి సూపిస్తే, పోయి డాక్టరమ్మకు సూపియ్యక్కా అనింది. నేనే కోతలని నిలిచిపోతి.”

“మెల్లింగా మాట్లాడక్కా, బయట మొగోళ్ళుండారు,” అన్నాను నేను.

“ఉంటే ఉండనీ సిస్టరమ్మా. దినామూ పొద్దన్నే ఆవు తోకెత్తి సూస్తాము. ఏమన్నా తేడా వస్తే డాక్టరును పిలుస్తాము. మనకొస్తే యాల సూడకూడదు?”

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు, తెర ఇంకొంచెం దగ్గరికి లాగాను.

లైటు నేనే పట్టుకున్నాను కాబట్టి మచ్చను నేనూ చూశాను. యోని పెదవి మీద, ఎడమవైపు, లోపలి తడి చర్మం దాకా పాకి ఉంది. చింతగింజ కంటే కాస్త పెద్దది. తడి కాగితం మీద సిరా చుక్క పడితే ఎలా చెదురుతుందో అలా అంచులు చెదిరి ఉన్నాయి. ఒకచోట కాటుక నలుపు, ఒకచోట లేత గోధుమరంగు. మధ్యలో కొంచెం ఉబ్బి, తాకితే నెత్తురు కనబడుతోంది. డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఇది మామూలు పుట్టుమచ్చలా లేదని, ముక్క తీసి పంపిద్దామని ఆమెతో చెప్పి, మత్తుసూది వేసి గోరంత ముక్క మాత్రమే కోసింది. “ఫారం జాగ్రత్తగా నింపు సిస్టర్,” అని నాతో అని వేరే గదిలోకి పోయింది.

ఫారం నింపడానికి బల్ల దగ్గర కూర్చున్నాను. మరిదిని పిలిచాను. నలభై ఏళ్ళ మనిషి, మీసం, భుజం మీద కండువా, చేతిలో గుడ్డసంచి. బల్లకు అటువైపు నిలబడి నేను రాసేదే చూస్తున్నాడు. పేరు రాశాను, వయసు రాశాను. ‘ముక్క తీసిన చోటు’ అనే గీత దగ్గరికి వచ్చేసరికి నా పెన్ను ఆగింది. ఈ మగమనిషి ఈ కాగితం పట్టుకుని బస్సులో తిరుపతి దాకా పోవాలి, ల్యాబు కిటికీలో ఇవ్వాలి. ఆ ఒక్క క్షణంలో నాకు తోచింది అంతే. ‘ఎడమ తొడ’ అని రాశాను. సీసా ప్లాస్టరు మీదా అదే రాశాను. కింద ‘ముక్కా, మొత్తమా’ అని ఉండే చోట ఏ గుర్తూ పెట్టలేదు.

అతను బయటికి పోయాక పుంగనూరక్కను పక్కకు పిలిచి చెప్పాను. “యవురడిగినా తొడ మీద మచ్చ అని చెప్పక్కా. కాగితంలో అట్లే రాసినా. తేడా వస్తే మళ్ళా తిరగాల్సొస్తాది.”

ఆమె నా వైపు వింతగా చూసింది. “అట్లనా? సరే, మీకు తెలీందా,” అంది.

రిపోర్టు వచ్చేసరికి మా డాక్టరమ్మ లేదు. వాళ్ళ నాన్నకు పక్షవాతం వచ్చి, రెండు నెలలు సెలవు పెట్టి సొంతూరు పోయింది. ఆ లోపు చూసుకోవడానికి కొత్తగా ఒక సర్జన్ వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, చిన్నవాడు, పనిమంతుడు, కానీ మా తొడ భాష ఆయనకు తెలియదు. నేను చెప్పాలని నాకూ తట్టలేదు.

రిపోర్టులో మెలనోమా అని ఉంది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ అది. మన దగ్గర అరుదు, వస్తే అరికాల్లోనో గోటి కిందో ఎక్కువ. ఎండ పొడ తగలని చోట, నోట్లో, ముక్కులో, మలద్వారంలో, యోనిలో కూడా వస్తుందని, అలాంటి చోట వచ్చింది మరీ చెడ్డదని, కంటికి కనపడదు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుందని నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు నాకు తెలిసింది ఒకటే. ఆ మచ్చ ఇంకా అక్కడే ఉంది.

ఆ రోజు ఓపీ గది సంత మాదిరి ఉంది. సర్జన్ ముందు పుంగనూరక్క, ఆమె వెనకాల అప్పుడే లోపలికి తోసుకొచ్చిన తర్వాతి రోగి, అతనితో వచ్చిన ఇద్దరు మగవాళ్ళు, స్టూలు మీద కాంపౌండరు. నేను సర్జన్ పక్కన నిలబడి ఉన్నాను. ఆయన రిపోర్టు రెండుసార్లు చదివాడు. “ఎడమ తొడ మీదేనమ్మా మచ్చ తీసింది?” అని అడిగాడు.

ఆమె ఒకసారి నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, “ఈడ కాదు సార్, అది...” అని మొదలుపెట్టింది.

“ఆ, తొడే సార్,” అన్నాను నేను.

ఎందుకన్నావని మీరు అడగొచ్చు. ముప్పై ఏళ్ళుగా అలవాటైన నోరు అది. అందరిలో ఆమె ఏం అనేస్తుందోనని నోరు దానంతటదే అడ్డం వెళ్ళిపోయింది. ఓపీ అయ్యాక సర్జన్ ఒంటరిగా ఉన్నప్పుడు అసలు సంగతి చెబుదాం అనుకున్నాను. ఇది సాకు కాదు, నిజంగానే అలా అనుకున్నాను. అయినా అది ఆమెకు ఏం పనికొచ్చింది?

ఆమె మాట అక్కడే ఆపి, చీర మోకాలి పైకి లాగి చూపించింది. ఎడమ తొడ మీద ఎప్పుడో సెగగడ్డ కోసిన పాత మచ్చ ఒకటి ఉంది, నా ఖర్మకు. సర్జన్ దాన్ని చూశాడు. చీర మీది నుంచే గజ్జల్లో తడిమి బిళ్ళలేమీ తగలడం లేదన్నాడు. “రిపోర్టు మంచిది కాదమ్మా. కానీ మచ్చ మొత్తం తీసేసినట్టున్నారు, బాగా మానింది. మూడు నెలలకు మళ్ళీ రండి, అప్పుడు స్కానింగ్ చేద్దాం,” అని రాసిచ్చాడు. ఆమె చీటీ తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ ఒకసారి నన్ను చూసి పోయింది. నేను తర్వాతి చీటీ పిలిచాను.

ఓపీ అయ్యేసరికి సర్జన్‌ను ఆపరేషన్ థియేటరుకు పిలిచారు. మర్నాడు చెబుదామంటే, కుప్పం శాఖలో డాక్టరు లేడని ఆయన్ను అక్కడికి పంపించేశారు. ఫోను చేయొచ్చు కదా అంటారు, చేయొచ్చు. నంబరు నా దగ్గర ఉంది. రెండుసార్లు తీసి చూసి పెట్టేశాను. అబద్ధం ఆడిన రోజే చెబితే అది తొందరపాటు, వారం తర్వాత చెబితే అది తప్పు. వారం దాటినకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

మూడు వారాలకు పుంగనూరక్కే ఫోన్ చేసింది. “సిస్టరమ్మా, ఆ డాక్టరు తొడ సూసి పంపించె. మచ్చ యాడిది ఆడే ఉండాది కదా. కొంచెం దొడ్డ అయినట్టుండాది కూడా. దానికేమీ సేయొద్దా?”

నేను వార్డులో ఉన్నాను. పక్కన ఇద్దరు నర్సులు నిలబడి ఉన్నారు. “మూడు నెలలకు రమ్మన్నాడు కదక్కా, అప్పుడు చూస్తారులే,” అన్నాను.

“అట్లనా. సరే తల్లీ. మీరు సూసుకొంటారులే,” అని పెట్టేసింది.

ఆ ఫోను తర్వాత ఎవరైనా తొడ అంటే ఉలిక్కిపడేదాన్ని. మామూలుగా పేషంట్ల మీద అరవని దాన్ని, ఒక ముసలామె మీద దుప్పటి మడతపెట్టలేదని అరిచాను. అయినా ఇంకో నాలుగు వారాలు ఊరుకున్నాను. మొత్తం ఏడు వారాలు. చివరికి ఏం జరిగి కదిలానో చెబితే మీకు చిన్నగా అనిపిస్తుంది. కొత్తగా చేరిన నర్సు ఒకామె ఒక పేషంటు కాగితం తెచ్చి, “సిస్టర్, ఇక్కడ తొడ అనే రాయాల్నా?” అని అడిగింది. నేను అవునన్నాను. అన్నాక ఆ పిల్ల ముఖం చూడలేక బాత్రూములోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. మర్నాడు సెలవు పెట్టి కుప్పం బస్సెక్కాను.

బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. స్టాండులో పది నిమిషాలు ఆగింది. దిగితే ఆమె ఊరికి ఆటోలో పావుగంట. నేను దిగలేదు సరికదా, ఆమె తాలూకు వాళ్ళెవరైనా కనబడతారేమోనని కొంగు తలమీదకు లాక్కుని కిటికీకి అటు తిరిగి కూర్చున్నాను. పలమనేరు దాటి, వి.కోట దాటి కుప్పం చేరేసరికి పన్నెండయింది. అక్కడ రోగులు తమిళంలో మొదలుపెట్టి, కన్నడంలో మూలిగి, తెలుగులో ముగిస్తారు. మా సర్జన్ వాళ్ళతో తంటాలు పడుతున్నాడు. నన్ను చూసి చుట్టాన్ని చూసినట్టు సంతోషించాడు. ఆ సంతోషం చూసి నాకు ఇంకా సిగ్గేసింది.

చివరి రోగి పోయేదాకా బయట కూర్చుని, అప్పుడు లోపలికి పోయి అంతా చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి విన్నాడు. అయ్యాక, “ఎన్నాళ్ళయింది?” అని అడిగాడు.

“ఏడు వారాలు సార్.”

“ఆ రోజు ఆవిడ ఏదో చెప్పబోయింది. నువ్వే కదా అడ్డమొచ్చి తొడేనన్నావు?”

“అవును సార్.”

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. “నేను కూడా ఆవిడ మాట పూర్తిగా వినలేదు, తెర లాగి చూడలేదు,” అన్నాడు మెల్లగా. తర్వాత తెల్లకాగితం ఒకటి నా ముందుకు తోశాడు. “నువ్వే రాయి. ఎక్కడుందో, ముక్క మాత్రమే తీశారని, ఎన్నాళ్ళు ఆలస్యమైందో, ఎందుకు ఆలస్యమైందో. అంతా రాశాక చదివి సంతకం పెడతాను. ఖాళీ కాగితం మీద మాత్రం పెట్టను.”

రాశాను. ఆ అవయవం పేరు దగ్గర అక్షరం వంకరపోయింది. ఆయన నిలబడే ఉన్నాడు. కొట్టేసి మళ్ళీ శుభ్రంగా రాశాను. ఆయన బెంగళూరులో క్యాన్సర్ సర్జనుగా ఉన్న తన క్లాస్‌మేటుకు అప్పటికప్పుడు ఫోన్ చేసి, ఆ వారంలోనే చూసేలా మాట్లాడాడు. “ఆవిడకు నువ్వే ఫోన్ చేసి, ఎందుకు పోవాలో చెప్పు,” అన్నాడు నాతో.

కుప్పం బస్టాండులో నిలబడి ఫోన్ చేశాను. బెంగళూరుకు పోవాలక్కా అన్నాను. “యాల?” అంది. నిజం చెప్పడానికి అక్కడ నాకు ఇంకో అవకాశం వచ్చింది. “కుప్పం వచ్చి డాక్టరును కలిసినానక్కా. ఆయన మళ్ళా ఆలోచన చేసినాడు, ఇంకొంచెం తీయాలంట,” అన్నాను.

“అయ్యో, నా కోసరం కుప్పం దాకా పోయినావా సిస్టరమ్మా? నీ కడుపు సల్లంగుండ!” అంది.

బెంగళూరులో మచ్చను చుట్టూ వెడల్పుగా తీసేశారు. ఎడమ గజ్జలోని బిళ్ళలు, అంటే లింఫు గ్రంథులు, కూడా తీశారు. ఒక బిళ్ళలో క్యాన్సర్ ఉంది. అది ఆ ఏడు వారాల్లో పాకిందా, అంతకుముందు ఆమె కోతలని ఆగిన నెలల్లో పాకిందా, ముక్క తీసేనాటికే అక్కడ చేరిందా, ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట వచ్చే మెలనోమా ఎంత బాగా వైద్యం చేసినా మళ్ళీ రావడమే ఎక్కువని కుప్పం సర్జనూ, సెలవు నుంచి తిరిగొచ్చిన మా డాక్టరమ్మా నాకు చెప్పారు. నన్ను ఊరడించడానికి చెప్పారు. నేను ఊరట పడలేదు. ఏడు వారాల ముందు ఆ బిళ్ళ ఖాళీగా ఉండి ఉంటే అనే మాట ఒకటి మిగిలిపోయింది, అది నాతోనే ఉంది.

నాకు మెమో ఇచ్చారు. ఖాళీ సంతకాలు ఆగిపోయాయి. సీసా మీద రాసింది రోగికి చదివి వినిపించి, ఔననిపించుకున్నాకే పంపాలని కొత్త పద్ధతి పెట్టారు. డాక్టరమ్మ నాతో పెద్దగా ఏమీ అనలేదు. “నిన్ను నమ్మి సంతకాలు పెట్టాను సిస్టర్,” అంది, అంతే. ఆ తర్వాత ఆమె ఫారాలు ఆమే నింపుకునేది. ఆలస్యం ఎందుకైందో రోగికి చెప్పాలని మాత్రం ఎవరూ అనలేదు. ఆసుపత్రికి ఆసుపత్రి భయం, నాకు నా భయం.

పుంగనూరక్క నాలుగేళ్ళు బతికింది. బిళ్ళలు తీసినందువల్ల ఎడమ కాలు వాచేది. కాలికి పట్టీ చుట్టుకుని, స్టూలు వేసుకుని కూర్చుని ఆవుల పాలు పితికేది. మూడు నెలలకొకసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా పచ్చి చెనక్కాయలో, అలసందలో తెచ్చి నా చేతిలో పెట్టేది. ఊరికే పోకుండా ఓపీలో బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ళ దగ్గరికి పోయి ఉపన్యాసం మొదలుపెట్టేది.

“కింద ఏమన్నా నల్లంగానో ఎర్రంగానో తేడా కనిపిస్తే దాసిపెట్టుకోవద్దండమ్మా. అద్దం పెట్టుకొని సూసుకోండి. సిగ్గేముండాది? ఈ సిస్టరమ్మకు సెప్పండి. నాకోసరం కుప్పం దాకా పోయి నన్ను బతికించింది ఈయమ్మే.”

అప్పుడు నేను సూదులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకునేదాన్ని. చెప్పేద్దామని మూడుసార్లు గట్టిగా అనుకున్నాను. ఒకసారి ఆమెను కాంటీనుకు తీసుకుపోయి కాఫీ కూడా ఇప్పించాను. “అక్కా, నీకొక మాట చెప్పాల,” అన్నాను. “సెప్పు తల్లీ,” అని గ్లాసు కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఉన్న ప్రేమ పోతుందని భయమేసింది. కాలికి పట్టీ గట్టిగా చుట్టుకోమని చెప్పి లేచిపోయాను. ఇంత వయసొచ్చి అంత పిరికిదాన్నని అప్పుడే తెలిసింది.

నాలుగో ఏడు దగ్గు మొదలైంది. ఊపిరితిత్తుల్లోకి వచ్చిందన్నారు. మూడు నెలల్లో పోయింది.

దినాల రోజు నేను వాళ్ళ ఊరికి పోయాను. భోజనం పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు మరిది తన టెంపోలో నన్ను పుంగనూరు బస్టాండు దాకా దించడానికి వచ్చాడు. అదే మీసం, ఇప్పుడు సగం నెరిసింది. మదనపల్లె బస్సు ఇంకా రాలేదు. ఇద్దరం సోడా అంగడి పక్కన నిలబడ్డాం. చేతిలోని తాళంచెవి తిప్పుతూ అతనే మొదలుపెట్టాడు.

“సిస్టరమ్మా, ఒక మాట. నేనింతవరకూ యవురికీ సెప్పల్యా. మా ఇంటామెకు కూడా.”

“చెప్పప్పా.”

“ఆ పొద్దు తిరుపతిలో సీసా ఇచ్చేటప్పుడు, కిటికీ కాడుండే ఆయప్ప అడిగినాడు. తొడ మీది ముక్కేనా ఇది, చూస్తే అట్ల లేదే అని. కాదని నాకు తెలుసు. మచ్చ యాడుండాదో మా వదిన ఇంట్లో అందరికీ సెప్పింది. సీసా కోసరం నేను లోపలికి వచ్చేటప్పుడు కూడా, ఒరే జాగ్రత్తగా తీసుకొని పో, అది ఫలానా చోటుది, యవురన్నా అడిగితే సెప్పు అనింది. నేను కాగితం సూస్తి. తొడ అని ఉండె. సిస్టరమ్మ సదువుకున్నామె, ఆమెకు తెలీదా, నాకేం తెలుసు అనుకొంటి. ఔను, తొడే అంటిని.” అతను తాళంచెవి తిప్పడం ఆపాడు. “ఆ పొద్దు నేను ఒక మాట కాదని ఉంటే మా వదినకు అప్పుడే ఆపరేషను సేసుందురు. నా వల్లనే పాయ సిస్టరమ్మా. నాలుగేండ్లుగా ఆమె ముఖం సూడలేకపోతి.”

ఏ మగమనిషి కళ్ళబడకూడదని నేను ఆ మాట దాచానో ఆ మనిషి అంతా తెలిసే సీసా మోసుకుపోయాడు. ఆ ఇంట్లో ఎవరికీ లేని సిగ్గు నాది ఒక్కదానిదే. నేను రాసిన కాగితాన్ని నమ్మి, తనకు తెలిసిన నిజాన్ని మింగి, నాలుగేళ్ళుగా నా తప్పును తన తప్పనుకుని ఏడుస్తున్నాడు.

“నీ తప్పు కాదప్పా,” అన్నాను. అతను వినిపించుకోలేదు, కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. అతని మోచేయి పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. గొంతు పెంచాను. “ఇట్ల చూడు. సీసా మీద తప్పు రాసింది నేను. మచ్చ యోని పెదవి మీదుంటే తొడ అని రాసింది నేను. మీ వదినకు అట్లే చెప్పమని నేర్పింది నేను. సర్జను అడిగితే ఆమె నిజం చెప్పబోయింది, అడ్డంపడి తొడే అనింది నేను. ఆమె ఫోను చేసి మచ్చ ఇంకా ఉండాదంటే చూస్తారులే అనిందీ నేనే. ఏడు వారాలు. నీకు దాంట్లో ఏమీ సంబంధం లేదు.”

సోడా అంగడతను సీసా కడగడం ఆపి నన్ను చూశాడు. బెంచీ మీద ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు, బీడీ తాగుతున్న ఒక ముసలాయన, కండక్టరు ఒకడు అందరూ తిరిగి చూశారు. ముప్పై నాలుగేళ్ళు ఏ మాట నలుగురిలో పడకుండా కాపలా కాశానో, ఆ మాట పుంగనూరు బస్టాండు మధ్యలో నా నోటి నుంచే పడింది. ఏమీ కాలేదు. సోడా అంగడతను మళ్ళీ సీసా కడుక్కోసాగాడు.

మరిది కండువా భుజం మీద వేసుకున్నాడు. కోపమొస్తుందని చూశాను, కొడతాడేమో అని కూడా అనుకున్నాను. “ఈ మాట మా వదినకు సెప్పినారా?” అని అడిగాడు.

“లేదప్పా.”

అతను తల ఊపి, టెంపో ఎక్కి పోయాడు.